లాంచ్‌ఖుతి గురియా: పదివేల మంది లేని ఊరు సోవియట్ అగ్రశ్రేణి లీగ్‌కు ఎలా చేరింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. జార్జియా దేశంలోని బటూమిలో వైద్యవిద్య చదువుతున్న మీ తమ్ముడు రాజధాని త్బిలిసి నుంచి రైల్లో వస్తూ లాంచ్‌ఖుతి అనే చిన్న స్టేషన్‌ను చూశాడు. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు ఒకప్పుడు మాస్కో స్పార్టక్, కీవ్ డైనమోలతో ఒకే లీగ్‌లో ఆడిందని పక్కనున్న ప్రయాణికుడు చెప్పాడు. అది నిజమేనా, నిజమైతే ఒకప్పటి సోవియట్ విదేశాంగ మంత్రి షెవర్ద్‌నాద్జె పలుకుబడి వల్లే జరిగిందా, ఇప్పుడా జట్టు పేరు ఎక్కడా ఎందుకు వినబడదు అని మీరు అడుగుతున్నారు.

ముందు సూటిగా చెబుతాను. నిజమే. ఆ జట్టు పేరు గురియా. 1987లో అది సోవియట్ అగ్రశ్రేణి లీగ్‌లో ఆడింది. అంతేకాదు, 1989లో రెండోసారి కూడా ఆ అర్హత సంపాదించింది. ఆ రెండోసారి మాత్రం తానే వదులుకుంది. పలుకుబడి సంగతి సగమే నిజం. జట్టు కనుమరుగు కావడానికి కారణం ఆటలో కన్నా ఆ ప్రాంతపు ఆర్థిక పతనంలో ఎక్కువగా ఉంది.

సోవియట్ కాలపు లీగ్ పట్టికలు సేకరించడం, ఒకదానితో ఒకటి సరిపోల్చడం చాలా ఏళ్లుగా నేను చేస్తున్న పని. ఆ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన జట్టు ఇదే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఊరి గురించి ముందు తెలియాలి. లాంచ్‌ఖుతి పశ్చిమ జార్జియాలో, గురియా అనే ప్రాంతంలో, సమ్‌త్రెదియా నుంచి బటూమికి వెళ్లే రైలుమార్గం మీద ఉంది. జట్టు తన ఊరి పేరు కాకుండా ప్రాంతం పేరు పెట్టుకుంది. ఆ ప్రాంతానికి ముఖ్య పట్టణం ఓజుర్గెతి. సోవియట్ కాలంలో దాన్ని మఖరాద్జె అనేవారు. ఆ పట్టణానికి మెర్త్సఖలి అనే వేరే జట్టు ఉంది. ఈ రెండు జట్లనూ కలిపేసి రాసిన వ్యాసాలు నేను చాలా చూశాను, మీరు వెతికేటప్పుడు జాగ్రత్తపడండి. లాంచ్‌ఖుతి జనాభా 2014 లెక్కల్లో ఆరువేల పైచిలుకు. సోవియట్ కాలపు చివరి రోజుల్లోనూ పదివేలు దాటలేదు. మన దగ్గర ఒక మండల కేంద్రమంత ఊరు. చుట్టూ తేయాకు తోటలు, కొంచెం పడమరగా నల్లసముద్రం, విడవని వానలు.

అయితే చిన్న ఊరు కదా అని చరిత్ర లేని ఊరనుకోవద్దు. 1918 నుంచి 1921 దాకా స్వతంత్ర జార్జియా ప్రభుత్వానికి నాయకత్వం వహించిన నోయె జోర్దానియా పుట్టింది ఇక్కడే. అంతకు ముందు, 1902 నుంచి 1906 వరకు, గురియా రైతులు జార్ అధికారులను పక్కకు నెట్టి తమ ఊళ్లను తామే పాలించుకున్నారు. కోర్టులను బహిష్కరించి, తగాదాలను ఊరి సభల్లో తేల్చుకున్నారు. గురియా వాళ్లకు తలబిరుసు ఎక్కువని మిగతా జార్జియా వాళ్లు అంటుంటారు. ఈ క్లబ్ కథ చదివితే ఆ మాటలో గౌరవమే కనిపిస్తుంది నాకు.

బంతి పిచ్చి కూడా అక్కడ ఫుట్‌బాల్‌తో మొదలైంది కాదు. లాంచ్‌ఖుతి దగ్గరే షుఖుతి అనే ఊరుంది. అక్కడ ఏటా ఈస్టర్ రోజున ఎగువ షుఖుతి, దిగువ షుఖుతి వాళ్ల మధ్య లెలో బుర్తి అనే ఆట జరుగుతుంది. తోలుబంతిని మట్టితో కూరి, ద్రాక్షసారాలో తడిపి, సుమారు 16 కిలోల బరువు చేస్తారు. వందల మంది ఒక్కసారిగా మీదపడి, ఆ బంతిని తమ వైపున్న వాగు దాకా మోసుకుపోవాలి. ఆటగాళ్ల సంఖ్యకు పరిమితి లేదు, కాలానికీ పరిమితి లేదు. గెలిచినవాళ్లు ఆ బంతిని తమ ఊరిలో చనిపోయిన ఒక గౌరవనీయుడి సమాధి మీద పెడతారు. పుట్టినప్పటి నుంచి ఇది చూస్తూ పెరిగిన పిల్లలకు ఊరి కోసం ఆడడమంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు.

క్లబ్ మొదలైంది 1924లో అంటారు. మొదటి యాభై ఏళ్లను నేను త్వరగా దాటేస్తాను, ఎందుకంటే అది సోవియట్ దేశంలో వేల ఊళ్లకు ఉన్న చరిత్రే: రిపబ్లిక్ స్థాయి పోటీలు, కింది విభాగాలు, పైకి పోవడం, దిగడం. అసలు కథ 1980లలో మొదలవుతుంది.

అప్పటి లీగ్ నిర్మాణం తెలియకపోతే ఇక్కడే తప్పుదారి పడతారు. అన్నిటికన్నా పైన ఉన్నది అగ్రశ్రేణి లీగ్. దాని కింద ఉన్నదాని పేరు ప్రథమ లీగ్, అంటే అది రెండో మెట్టు. పేరు చూసి అదే పైదనుకుని బోల్తాపడిన రచనలు ఉన్నాయి. ఆ రెండో మెట్టు మీద ఒక సీజన్‌కు నలభైకి పైగా మ్యాచ్‌లు. రిగాలోని దౌగవా, దుషాంబేలోని పామిర్, సైబీరియాలో కెమెరోవో నగరపు కుజ్‌బాస్, ఇలా దేశం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్న జట్లతో ఆడాలి. వసంతం నుంచి శరత్తు దాకా విమానాల్లోనూ బస్సుల్లోనూ తిరగాలి. చిన్న ఊరి జట్టు అక్కడ నిలబడడమే కష్టం. గురియా నిలబడింది. 1986లో రెండో స్థానంలో నిలిచి, మాస్కో సైన్యపు జట్టు సీఎస్‌కేఏతో కలిసి పైకి వెళ్లింది.

అదే ఏడాది జార్జియాకే చెందిన కుతాయిసి టార్పెడో అగ్రశ్రేణి నుంచి కిందికి దిగింది. అంటే 1987లో త్బిలిసి డైనమో పక్కన జార్జియా రెండో జట్టుగా నిలబడింది కుతాయిసి లాంటి పెద్ద నగరం కాదు, లాంచ్‌ఖుతి. దీని బరువు అర్థం కావాలంటే ఆనాటి ప్రత్యర్థులను చూడండి. 1986లో యూరప్ దేశాల కప్ విజేతల పోటీ అయిన కప్ విన్నర్స్ కప్ గెలిచిన కీవ్ డైనమో, దసాయెవ్ గోల్‌కీపర్‌గా ఉన్న స్పార్టక్, 1983 విజేత ద్నిప్రో, 1984 విజేత జెనిత్. వీళ్లంతా లీగ్ నియమం ప్రకారం పదివేల జనాభా లేని ఊరికి వచ్చి ఆడాలి. ఊరి జనాభా కన్నా ఎక్కువ మంది పట్టే స్టేడియం అక్కడ ఉంది. చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ రోజు లాంచ్‌ఖుతికే నడిచేవి.

ఫలితం? పదహారు జట్లలో పదహారో స్థానం. తిరిగి రెండో మెట్టుకు. వారితోపాటు దిగిన రెండో జట్టు ఏదనుకున్నారు? పదిహేనో స్థానంలో నిలిచిన సీఎస్‌కేఏ. కలిసి ఎక్కిన రెండు జట్లూ కలిసే దిగాయి. మాస్కోలోని సైన్యపు క్లబ్‌కు దేశంలో ఏ కుర్రాణ్ణైనా సైనిక సేవ పేరుతో రప్పించుకునే వీలుంది. అంత బలమున్న క్లబ్ కూడా ఆ ఏడాది నిలవలేకపోయిందంటే, లాంచ్‌ఖుతి చివరి స్థానాన్ని చూసి నవ్వడానికి ఏమీ లేదు.

చాలామంది కథను ఇక్కడితో ఆపేస్తారు. మా పత్రికలో పనిచేసిన ఒక యువ విలేకరి కూడా అలాగే రాసుకొచ్చాడు: ఒక్క సీజన్ మెరిసి మాయమైన జట్టని. అతను అగ్రశ్రేణి పట్టికలు మాత్రమే చూశాడు. అందులో గురియా పేరు 1987లో తప్ప ఇంకెక్కడా లేదు కాబట్టి ఆ నిర్ణయానికి వచ్చాడు. రెండో మెట్టు పట్టికలు కూడా తీసి 1989 పేజీ చూపించాను. చిన్న క్లబ్‌ల చరిత్ర రాసేటప్పుడు పై లీగ్‌లో ఉన్న ఏళ్లు మాత్రమే చూడకండి. కింది లీగ్‌లో మొదటి రెండు స్థానాలు ఎవరివో కూడా చూడండి. అసలు సంగతులు తరచుగా అక్కడే ఉంటాయి.

1989లో రెండో మెట్టు మీద మొదటి స్థానం సీఎస్‌కేఏది, రెండో స్థానం గురియాది. మళ్లీ అదే జంట. ఆ సీజన్ చివర అగ్రశ్రేణి నుంచి దిగినవి మాస్కో లొకొమొటివ్, లెనిన్‌గ్రాద్ జెనిత్. అంటే 1990లో లెనిన్‌గ్రాద్ నగరానికి అగ్రశ్రేణిలో చోటు లేదు, లాంచ్‌ఖుతికి ఉంది! ఒక్కసారి ఎక్కితే అదృష్టం అనవచ్చు. పడిపోయి, రెండేళ్లు కష్టపడి, మళ్లీ ఎక్కిన జట్టును అదృష్టమని కొట్టిపారేయడం అన్యాయం.

కానీ ఆ 1990 సీజన్ వాళ్లు ఆడలేదు.

కారణం మైదానం బయట ఉంది. 1989 ఏప్రిల్ 9న త్బిలిసిలో నిరసన తెలుపుతున్న జనం మీద సోవియట్ సైన్యం విరుచుకుపడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది స్త్రీలు. ఆ రోజు తర్వాత మాస్కో పేరుతో నడిచే ఏ వ్యవస్థలోనైనా ఉండడం జార్జియాలో చాలామందికి భరించలేని విషయమైంది. 1990 ఫిబ్రవరిలో జార్జియా ఫుట్‌బాల్ సమాఖ్య విడిగా ఏర్పడింది, తన సొంత జాతీయ లీగ్ ప్రకటించింది. త్బిలిసి డైనమో, గురియా రెండూ సోవియట్ లీగ్ నుంచి వైదొలగాయి. కొద్ది రోజులకే లిథువేనియా జట్టు జల్‌గిరిస్ కూడా ఒక్క మ్యాచ్ ఆడి బయటికి వచ్చేసింది. పదహారు జట్లతో మొదలవ్వాల్సిన 1990 సోవియట్ అగ్రశ్రేణి పదమూడు జట్లతో ముగిసింది. తేదీలు గమనించండి: జార్జియా దేశం స్వాతంత్ర్యం ప్రకటించింది 1991 ఏప్రిల్ 9న. ఫుట్‌బాల్ అంతకు ఏడాదికి పైగా ముందే విడిపోయింది.

త్బిలిసి డైనమోకు ఇది పెద్ద త్యాగమే. అయినా ఆ క్లబ్‌కు అప్పటికే రెండు సోవియట్ టైటిళ్లున్నాయి, 1981 కప్ విన్నర్స్ కప్ ఉంది, రాజధాని నగరం ఉంది. గురియా వదులుకున్నది వేరు. వాళ్లకున్నదల్లా ఆ ఒక్క అవకాశమే. పన్నెండు నెలల శ్రమతో గెలుచుకున్న చోటును ఆడకుండానే వదిలేశారు. నేను లాంచ్‌ఖుతిలో మాట్లాడిన పెద్దవాళ్లలో దీని మీద ఒక్క అభిప్రాయం లేదు. దేశం ముందా జట్టు ముందా అన్న ప్రశ్నే అప్పుడు పుట్టలేదని కొందరు గట్టిగా చెబుతారు. ఆ ఒక్క ఏడాది ఆడి ఉంటే బాగుండేదని మరికొందరు నెమ్మదిగా ఒప్పుకుంటారు. రెండో మాట అన్నవాళ్ల దేశభక్తి కూడా ఏమాత్రం తక్కువ కాదు.

జంటగా ఎక్కిన సీఎస్‌కేఏ ఏమైందో చూస్తే ఆ వదులుకున్నదాని విలువ తెలుస్తుంది. పావెల్ సదీరిన్ శిక్షణలో ఆ జట్టు 1990లో రెండో స్థానం, 1991లో ఏకంగా చిట్టచివరి సోవియట్ ఛాంపియన్‌షిప్ గెలిచింది. గురియా కూడా అంత ఎత్తుకు వెళ్లేదని నేననను. కాని ఒకే మెట్టు మీద పక్కపక్కనే నిలబడిన రెండు జట్ల దారులు అక్కడ విడిపోయాయి.

కొత్త జార్జియా లీగ్ 1990 మార్చి 30న మొదలైంది. త్బిలిసి డైనమో అప్పటికి ఇబేరియా అని పేరు మార్చుకుంది. తొలి మ్యాచ్‌లోనే అది పోతి రేవుపట్టణపు కొల్ఖెతి చేతిలో 0-1తో ఓడింది. కొల్ఖెతి కూడా చిన్న ఊరి జట్టే, లాంచ్‌ఖుతికి పొరుగే. ఆ సీజన్ ముగిసేసరికి ఇబేరియా విజేత, గురియా రెండో స్థానం. ఆ ఏడాది జార్జియా కప్ గురియా గెలుచుకుంది. క్లబ్ అల్మారాలో ఉన్న అతి పెద్ద ట్రోఫీ అదే. మామూలుగా అయితే కప్ విజేతకు యూరప్ పోటీల్లో చోటు దొరకాలి. కాని జార్జియాకు ఫీఫా, యూరప్ సమాఖ్య యుయెఫాల సభ్యత్వం 1992లో గాని రాలేదు. దేశం గుర్తింపు పొందేనాటికి గురియా మంచి రోజులు దాటిపోయాయి.

ఇప్పుడు షెవర్ద్‌నాద్జె సంగతి. ఎదువార్ద్ షెవర్ద్‌నాద్జె 1928లో పుట్టిన మమతి గ్రామం లాంచ్‌ఖుతి జిల్లాలోదే. 1972 నుంచి 1985 దాకా ఆయన జార్జియా కమ్యూనిస్టు పార్టీ మొదటి కార్యదర్శి, తర్వాత సోవియట్ విదేశాంగ మంత్రి. స్టేడియానికి ఎవ్‌గ్రాపి షెవర్ద్‌నాద్జె పేరు ఉంది. ఇంటిపేరు చూసి చాలామంది అది ఎదువార్ద్ అనుకుంటారు, కాదు. సొంత జిల్లా కాబట్టి ఆ ఊరికి మంచి స్టేడియం రావడం, నిధులకు అడ్డు లేకపోవడం సహజం. దాన్ని దాచాల్సిన పనిలేదు.

అయితే సోవియట్ ఫుట్‌బాల్‌లో అండ లేని జట్టు ఏది? సీఎస్‌కేఏ వెనుక సైన్యం, డైనమోల వెనుక హోంశాఖ, టార్పెడోల వెనుక మోటారు కర్మాగారాలు, లొకొమొటివ్ వెనుక రైల్వే. ఆటగాళ్లు కాగితాల మీద కార్మికులు, సైనికులు, విద్యార్థులు. లాంచ్‌ఖుతి వెనుక తేయాకు తోటలు, స్థానిక పార్టీ కమిటీ, ఆ జిల్లాలో పుట్టి పైకెదిగినవాళ్లు ఉన్నారు. ఇంకో విషయం: జట్టు రెండుసార్లు పైకి ఎక్కింది 1986లో, 1989లో. అప్పటికే షెవర్ద్‌నాద్జె త్బిలిసి వదిలి మాస్కో వెళ్లిపోయారు, ప్రపంచ రాజకీయాల్లో మునిగి ఉన్నారు. అండ ఉంటే మైదానం బాగుంటుంది, జీతాలు అందుతాయి. కెమెరోవోలో చలిలో ఒక పాయింటు తెచ్చేది మాత్రం ఆటగాళ్లే.

నా లెక్కలో ఆ జట్టు ఎదుగుదలకు అసలు కారణం మరొకటి ఉంది. 1981 తర్వాత జార్జియాలో ఫుట్‌బాల్ ప్రతిభ పొంగి పొర్లింది. త్బిలిసి డైనమోలో చోటు పదకొండు మందికే. అక్కడ బెంచి మీద కూర్చోవలసి వచ్చిన మంచి ఆటగాడికి కుతాయిసి, లాంచ్‌ఖుతి దగ్గరి దారులు. పైగా పశ్చిమ జార్జియాలో మార్చి నెలలోనే పచ్చగడ్డి మీద సాధన చేయవచ్చు, అప్పటికి ఉత్తరాదిన మంచు కరగదు. ఈ రెండూ ఏ మంత్రీ ఇచ్చినవి కావు.

పతనం గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అది అక్కడి ప్రతి చిన్న ఊరి కథే. సోవియట్ యూనియన్ తాగిన స్వదేశీ టీలో సింహభాగం జార్జియా పండించింది, అందులో గురియా ప్రాంతపు వాటా పెద్దది. 1991 తర్వాత ఆ మార్కెట్ పోయింది, తోటలు అడవులుగా మారాయి. 1990ల మొదట్లో అంతర్యుద్ధం, కరెంటు లేని శీతాకాలాలు. స్టేడియం నింపిన పల్లెలే ఖాళీ అయ్యాయి. మంచి ఆటగాళ్లు రష్యాకో యూరప్‌కో వెళ్లారు. కొత్త లీగ్‌లో మొదటి పది టైటిళ్లూ త్బిలిసి డైనమోకే దక్కాయి. పోటీ లేని లీగ్‌ను చూడడానికి జనం ఎందుకు వస్తారు? గురియా జట్టు పడుతూ లేస్తూ సాగింది. 2010ల మధ్యలో కొన్నేళ్లు మళ్లీ జాతీయ అగ్రశ్రేణిలో కనిపించింది, ఆ తర్వాత మళ్లీ కిందికి పోయింది.

ఇక్కడ ఒక వాదనతో నేను ఏకీభవించను. సోవియట్ లీగ్ వదిలేయడం వల్లే జార్జియా ఫుట్‌బాల్ చితికిపోయిందని కొందరు రాస్తారు. ఎలాగూ 1991 చివరికి ఆ దేశమే లేదు, లీగ్ కూడా లేదు. ఉండిపోయి ఉంటే గురియాకు మహా అయితే రెండు సీజన్లు దక్కేవి. దెబ్బ కొట్టింది డబ్బు, యుద్ధం. ఆట కోలుకోవడానికి ఒక తరం పట్టింది. 2024 యూరో పోటీల్లో జార్జియా 2-0తో పోర్చుగల్‌ను ఓడించినప్పుడు మొదటి గోల్ కొట్టిన క్వారత్‌ఖెలియా కొంతకాలం మీ తమ్ముడున్న బటూమి డైనమోకే ఆడాడు.

మీ తమ్ముడికి ఆసక్తి ఉంటే రెండు సూచనలు. ఒకటి, ఆర్థడాక్స్ ఈస్టర్ రోజున షుఖుతికి వెళ్లమనండి. ఆ తేదీ మన క్యాలెండర్లలో ఉండే ఈస్టర్‌తో చాలాసార్లు కలవదు, ముందే చూసుకోవాలి. ఆట సాయంత్రం మొదలవుతుంది, ప్రధాన రహదారి మీదికే వచ్చేస్తుంది కాబట్టి బస్సులు ఆగిపోతాయి. గుంపుకు దూరంగా, ఎత్తైన చోట నిలబడమనండి. రెండు, లాంచ్‌ఖుతిలో దిగితే అరవై దాటిన వాళ్లను 1987 గురించి కాకుండా 1989 గురించి అడగమనండి. 1987 గురించి అందరూ అడుగుతారు, చెప్పిందే చెబుతారు. రెండో ప్రశ్న అడిగితే కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆ సీజన్ మ్యాచ్ కార్యక్రమ పత్రాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఫోనులో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. నా దగ్గర ఉన్న పట్టికల్లో ఆ ఏడాది సొంత మైదానంలో ఆడిన మ్యాచ్‌ల వివరాలు ఇంకా పూరించాలి, అవి నాకు ఎంతో పనికొస్తాయి.